సూప్‌లో ఏది ముందు, ఏది వెనుక
(చలికాలపు వంట గురించి చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఇంత చలిలో ఇల్లు కదిలి వచ్చిన మీ అందరికీ ముందుగా కృతజ్ఞతలు. నన్ను పిలిచినవారు, చలికాలానికి పనికివచ్చే పది రకాల సూప్‌లు చెప్పమని అడిగారు. పది రకాలు చెప్పడం తేలికే. మీరు అవన్నీ రాసుకుని ఇంటికి వెళ్లిన తరువాత, ఆ పదింటిలో ఏ ఒక్కదానికీ సరిపోని కూరగాయలు మాత్రమే ఇంట్లో ఉన్న రోజున ఏం చేయాలో తోచక కూర్చోవడం కూడా అంతే తేలిక. అందువల్ల ఈ సాయంత్రం నేను ఒక్క విషయమే మాట్లాడదలచుకున్నాను. గిన్నెలో ఏది ముందు పడాలి, ఏది వెనుక పడాలి, పడినది ఎంత వేడిలో ఎంతసేపు ఉండాలి అన్నదే ఆ విషయం. ఈ వరుస పట్టుబడితే చేతికందిన దినుసులతోనే సూప్ కుదురుతుంది. వరుస తప్పినప్పుడు మాత్రం, ఎంత మంచి సరుకు తెచ్చి వేసినా కూరగాయలు ఉడికిన నీళ్లు తాగుతున్నట్టే ఉంటుంది.

నీళ్ల దగ్గర మొదలుపెడదాం. పలచని సూప్‌లో పదింట తొమ్మిది వంతుల దాకా నీళ్లే ఉంటాయి. ఈ చిన్న సంగతి మీద ఒక పెద్ద వ్యాపారమే నిలబడింది. 1897లో అమెరికాలో డబ్బా ఆహారాలు తయారుచేసే క్యాంప్‌బెల్ సంస్థలో పనిచేస్తున్న జాన్ డోరెన్స్ అనే రసాయన శాస్త్రవేత్త, నీటిని బాగా తగ్గించిన గాఢమైన సూప్‌ను డబ్బాల్లో నింపే పద్ధతిని రూపొందించాడు. డబ్బా చిన్నదయింది, రవాణా ఖర్చు తగ్గింది, తగ్గించిన నీళ్లను కొనుక్కున్నవారే ఇంట్లో కలుపుకున్నారు. ఇంట్లో సూప్ చేసేవారి పని దీనికి సరిగ్గా ఎదురు దిశలో నడుస్తుంది. మన దగ్గర ముందే నీళ్లున్నాయి, వాటికి రుచిని, వాసనను, చిక్కదనాన్ని పట్టించాలి. అయితే నీరు అన్నిటినీ తనలోకి తీసుకోదు. ఉప్పు, తీపి, పులుపు, మాంసంలోనూ పుట్టగొడుగుల్లోనూ ఉండే కమ్మని రుచి నీటిలో కరుగుతాయి. వెల్లుల్లి, మిరియాలు, ఎండు ఆకులు వంటివాటి సువాసనలో చాలా భాగం నూనెలోనో వెన్నలోనో కరుగుతుంది. నమ్మకం కుదరకపోతే ఇంటికి వెళ్లి ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. కొన్ని క్యారెట్ ముక్కలను నీళ్లలో ఉడికించండి, మరికొన్నింటిని రెండు చెంచాల నూనెలో మగ్గించండి. నీళ్లకు పెద్దగా రంగు దిగదు కానీ నూనె నారింజ రంగుకు తిరుగుతుంది. రంగు ఏ దారిన వెళ్లిందో వాసనా ఆ దారినే వెళ్తుంది.

కాబట్టి గిన్నెలో మొదట పడవలసింది నీళ్లు కాదు, కొవ్వు. అది కాగిన తరువాత ఉల్లిపాయ, క్యారెట్, సెలరీ వంటివి సన్నగా తరిగి, చిటికెడు ఉప్పు వేసి, మూతపెట్టి, సన్నని సెగ మీద పది పన్నెండు నిమిషాలు మగ్గనివ్వాలి. ఆ చిటికెడు ఉప్పు ముక్కల్లోని తడిని బయటికి లాగుతుంది, ఆ తడి ఉన్నంతసేపూ ముక్కలు మాడకుండా మెత్తబడతాయి. వెల్లుల్లిని ఉల్లిపాయతో పాటు వేయకండి. అది త్వరగా మాడుతుంది, మాడితే వచ్చే చేదు సూప్ మొత్తానికి పాకుతుంది. ముక్కలు మెత్తబడిన తరువాత, ఆఖరి నిమిషంలో వేస్తే చాలు.

లేతరంగు సూప్ కావాలంటే ఇక్కడే ఆగి నీళ్లు పోయవచ్చు. ముదురు రంగు, గాఢమైన రుచి కావాలంటే మూత తీసి ఇంకా వేయించాలి. ఎందుకంటే నీళ్లు పోసిన తరువాత గిన్నెలో వేడి 100 డిగ్రీల సెల్సియస్‌ను దాటదు. ముక్కలు ఎర్రగా వేగి కొత్త రుచులు పుట్టాలంటే దాదాపు 140 డిగ్రీలు కావాలి. ప్రోటీన్ల మూలకాలైన అమైనో ఆమ్లాలకూ చక్కెరలకూ మధ్య వేడి వల్ల జరిగే ఈ చర్యను 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కామిల్ మయార్ వివరించాడు. వంట దృష్టితో చూస్తే దీని అర్థం సూటిగానే ఉంది. వేయించే అవకాశం నీళ్లు పోయకముందే ఉంటుంది, పోసిన తరువాత గంటలకొద్దీ ఉడికించినా ఆ రుచి రాదు. వేగేటప్పుడు గిన్నె అడుగున గోధుమరంగు పొర అంటుకుంటుంది. దాన్ని మాడు అనుకుని కడిగేసేవారిని చూసినప్పుడల్లా నా ప్రాణం విలవిలలాడుతుంది. కాసిని నీళ్లు చిలకరించి చెక్క గరిటెతో గీరితే అది కరిగి సూప్‌లో కలుస్తుంది. నల్లబడితే మాత్రం అది నిజంగా మాడే, దాన్ని వదిలేయాలి.

ఇప్పుడు స్టాక్ గురించి, అంటే ఎముకలనో కూరగాయలనో నీళ్లలో కాచి వడగట్టిన రసం గురించి. ఎముకలతో చేసినా కూరగాయలతో చేసినా, మంచి సూప్‌కు వెన్నుదన్ను అదే. ఎముకలను చన్నీళ్లలో వేసి నెమ్మదిగా కాచాలని పాత వంటవాళ్లు చెప్పే మాటకు కారణం ఉంది. మెల్లగా వేడెక్కుతున్నప్పుడు మాంసం నుంచి దిగే ప్రోటీన్లు పెద్ద ముద్దలుగా గడ్డకట్టి తెట్టులా పైకి తేలుతాయి, వాటిని గరిటెతో తీసేయవచ్చు. మరుగుతున్న నీళ్లలో ఒక్కసారిగా పడేస్తే అవి సన్నని రవ్వలై నీళ్లంతా కలిసిపోతాయి. తెట్టు తీసిన తరువాత కూడా కళపెళ మరగనివ్వకూడదు. అక్కడొకటి ఇక్కడొకటి బుడగ పైకి వస్తే చాలు. పెద్ద మంట మీద మరిగితే కరిగిన కొవ్వు సన్నని బిందువులుగా చితికి నీటిలో కలిసి, స్టాక్ మడ్డిగా, నోటికి జిడ్డుగా తయారవుతుంది. చర్మంలోనూ కీళ్లలోనూ ఉండే కొల్లాజెన్ అనే గట్టి పదార్థం ఈ నెమ్మదైన వేడిలో కరిగి జిలాటిన్‌గా మారుతుంది. తాగేటప్పుడు నాలుకకు తగిలే ఆ నిండుదనం, చల్లారి ఫ్రిజ్‌లోకి వెళ్లాక ముద్దలా బిగుసుకునే గుణం దానివే. స్టాక్ బిగుసుకుంటే పాడైందని పారబోసినవారూ ఉన్నారు, నిజానికి అది బాగా కుదిరిందనడానికి గుర్తు. కోడి ఎముకలకు మూడు నాలుగు గంటలు, పశుమాంసపు ఎముకలకు ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. చేప ముళ్లకు అరగంట చాలు, అంతకు మించితే చేదు దిగుతుంది. కూరగాయలకు గంటలోపే ముగించాలి. క్యాబేజీ, కాలీఫ్లవర్ జాతివాటిని స్టాక్‌లో అసలు వేయకపోవడమే మేలు, ఎక్కువసేపు ఉడికితే వాటిలోని గంధకపు వాసన పైకి వస్తుంది.

గంటల తరబడి పొయ్యి వెలిగించే వీలు లేనివారికి ప్రెషర్ కుక్కర్ ఉంది. 1679లో ఫ్రెంచి శాస్త్రవేత్త డెనీ పాపాన్ ఆవిరిని లోపలే బంధించే పాత్రను తయారుచేసినది ఎముకలను మెత్తబరచడానికే, అంటే మన ఈ స్టాక్ పని కోసమే. ఒత్తిడి వల్ల లోపలి వేడి దాదాపు 120 డిగ్రీలకు చేరుతుంది కనుక మూడు గంటల పని గంటలోపే అయిపోతుంది. చల్లని ప్రదేశాలు చాలా వరకు కొండల మీద ఉంటాయి, అక్కడివారికి కుక్కర్ అవసరం మరీ ఎక్కువ. సముద్రమట్టం నుంచి ప్రతి 300 మీటర్ల ఎత్తుకూ నీరు మరిగే వేడి సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. 3000 మీటర్ల ఎత్తున నీళ్లు 90 డిగ్రీలకే మరిగిపోతాయి. గిన్నె చూస్తే మరుగుతూనే ఉంటుంది, పప్పు మాత్రం ఎంతకీ ఉడకదు.

పప్పు మాట వచ్చింది కనుక, వరుస తప్పితే అన్నిటికన్నా ఎక్కువగా మొండికేసేవి పప్పులూ గింజలేనని చెప్పాలి. బీన్స్, బఠాణీలు, శనగలు మెత్తబడకముందే టొమాటోనో నిమ్మరసమో వేస్తే, ఆ పులుపు వాటి కణాల గోడలను గట్టిపరుస్తుంది. ఆ పైన రెండు గంటలు ఉడికించినా గింజ మధ్యలో పలుకు మిగిలిపోతుంది. కాల్షియం ఎక్కువగా ఉన్న కఠినమైన నీళ్లూ ఇదే పని చేస్తాయి. అలాంటి నీళ్లలో చిటికెడు వంటసోడా సాయపడుతుంది కానీ, చిటికెడు దాటితే సబ్బు రుచి వస్తుంది. గింజ వేళ్ల మధ్య నలిగేంత మెత్తబడిన తరువాతే పులుపు చేర్చాలి.

రాజ్మా విషయంలో ఇంకొక జాగ్రత్త ఉంది, ఇది రుచికి సంబంధించినది కాదు. పచ్చి రాజ్మాలో లెక్టిన్ అనే విషపదార్థం ఉంటుంది. సరిగా ఉడకని కొద్దిపాటి గింజలు తిన్నా కొన్ని గంటల్లోనే తీవ్రమైన వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. కనీసం అయిదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో బాగా మరుగుతుండగా కనీసం పది నిమిషాలు, నిశ్చింతగా ఉండాలంటే అరగంట ఉడికించాలి. ఆ తరువాతే సెగ తగ్గించాలి. తక్కువ వేడిలో రోజంతా ఉడికించే స్లో కుక్కర్‌లో పచ్చి గింజలను నేరుగా వేయవద్దు. 80 డిగ్రీల దగ్గర ఆ విషం నశించకపోగా దాని ప్రభావం పెరిగే ప్రమాదం ఉంది. సన్నని సెగ మంచిదని ఇంతసేపూ చెప్పి, ఇప్పుడు పెద్ద మంట పెట్టమంటున్నానని ఆశ్చర్యపోకండి. ఏ దినుసుకు ఏ వేడి కావాలో దానికి ఆ వేడి ఇవ్వాలి.

చలిలో చిక్కని సూప్ ఎక్కువ హాయిగా అనిపించడానికి కారణం, అది వేడిని ఎక్కువసేపు నిలుపుకోవడమే. పలచని ద్రవంలో వేడి భాగం పైకి, చల్లబడినది కిందికి తిరుగుతూ ఉంటుంది కనుక అది త్వరగా ఆరిపోతుంది. చిక్కనిదానిలో ఆ కదలిక మందగిస్తుంది. చిక్కదనానికి నేను మొదట ఎంచుకునేది సూప్‌లోని దినుసులనే. ఉడికిన బంగాళాదుంపలో, గుమ్మడికాయలో, పప్పులో మూడో వంతు తీసి మెదిపి తిరిగి కలిపితే, రుచి పలచబడకుండానే చిక్కదనం వస్తుంది. మిక్సీ వాడేవారు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, బంగాళాదుంపను ఎక్కువసేపు తిప్పితే దానిలోని పిండిపదార్థం బయటపడి సూప్ బంకలా సాగుతుంది. రెండు, మరుగుతున్న సూప్‌ను జార్ నిండా పోసి తిప్పితే ఆవిరి మూతను ఎగరగొడుతుంది. మా వంటింటి పైకప్పు మీద గుమ్మడికాయ మరక ఒకటి నా తొందరపాటుకు సాక్ష్యంగా చాలాకాలం నిలిచింది. (నవ్వులు.) మూడో వంతు మాత్రమే పోసి, మూత మీద మందపాటి గుడ్డ వేసి పట్టుకుని, నెమ్మదిగా తిప్పండి. మొక్కజొన్న పిండి వాడితే ముందు చన్నీళ్లలో కలిపి, తరువాత మరిగే సూప్‌లో పోయాలి. పొడిగా వేస్తే ప్రతి ఉండా పైన జిగురుపొర కట్టుకుని లోపల పొడిగానే మిగిలిపోతుంది. ఆ పిండి చిక్కబడిన తరువాత ఎక్కువసేపు మరిగించినా, పులుపు కలిపి ఉడికించినా మళ్లీ పలచబడుతుంది కనుక దాని స్థానం చివర్లోనే.

ఇక ఉప్పు. చాలామందికి సూప్ రుచిగా అనిపించే ఉప్పు మోతాదు నూటికి ముప్పాతిక నుంచి ఒక వంతు వరకు ఉంటుంది. లీటరుకు 8 గ్రాములు వేశారనుకోండి, 300 మిల్లీలీటర్ల గిన్నెడు సూప్‌లో 2.4 గ్రాములు ఉంటుంది. రోజు మొత్తానికి 5 గ్రాములు దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక్క గిన్నెతోనే అందులో దాదాపు సగం అయిపోతుందన్నమాట. ఈ లెక్క వేసుకున్న రోజు నుంచి నేను ఉప్పును కమ్మదనంతో కొంత భర్తీ చేయడం అలవాటు చేసుకున్నాను. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునాయె ఇకెదా, సముద్రపు నాచుతో కాచిన సూప్ ఎందుకంత కమ్మగా ఉందని ఆరా తీసి, దానికి గ్లుటమేట్ కారణమని కనుగొని, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. పండిన టొమాటోలో, పుట్టగొడుగుల్లో, ముదిరిన చీజ్‌లో అది పుష్కలంగా ఉంటుంది. ఎండబెట్టిన పుట్టగొడుగుల్లో ఉండే మరొక పదార్థం గ్లుటమేట్‌తో కలిసినప్పుడు ఆ కమ్మదనం రెండింటి మొత్తం కన్నా ఎన్నో రెట్లు పెరుగుతుంది. గుప్పెడు ఎండు పుట్టగొడుగులను వేడినీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లను వడగట్టి సూప్‌లో పోస్తే, ఉప్పు మూడో వంతు తగ్గించినా కొరతగా అనిపించదు.

మొదట వేసే చిటికెడు తప్ప, మిగిలిన ఉప్పును ఎప్పుడూ చివరనే సరిచూడాలి. రెండు లీటర్ల నీళ్లు మరిగి లీటరు అయితే ఉప్పదనం రెట్టింపవుతుంది. ఉప్పెక్కిన సూప్‌లో బంగాళాదుంప వేస్తే అది ఉప్పును పీల్చేస్తుందని ఒక నమ్మకం ఉంది. దుంప పీల్చుకునేది ఉప్పును ఒక్కదాన్నే కాదు, ఉప్పునీళ్లను. మిగిలిన ద్రవం ఎంత ఉప్పగా ఉండేదో అంతే ఉప్పగా ఉంటుంది. దానికి నీళ్లో, ఉప్పు లేని స్టాకో పోయడం తప్ప మార్గం లేదు. రుచి చూసేటప్పుడు చెంచాలోకి తీసుకుని కాస్త చల్లార్చి చూడండి, నాలుక చురుక్కుమనే వేడిలో ఉప్పు అంచనా దొరకదు.

చివరగా పడవలసినవి పాలు, ఆకులు, పులుపు. పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ పులుపునూ వేడినీ ఒకేసారి తట్టుకోలేక విరుగుతుంది. టొమాటో సూప్‌లో చల్లని పాలు గుమ్మరిస్తే ఏమవుతుందో మీలో చాలామందికి అనుభవమే. పాలకు బదులు కొవ్వు ఎక్కువగా ఉన్న చిక్కని మీగడ వాడితే విరిగే భయం తగ్గుతుంది. పాలే వాడాలనుకుంటే వాటిని వేరుగా గోరువెచ్చగా కాచి, వేడి సూప్‌ను గరిటెతో కొద్దికొద్దిగా పాలలో కలిపి, ఆ మిశ్రమాన్ని గిన్నెలో పోసి, ఇక మరగనివ్వకుండా దించాలి. పచ్చని ఆకులు ఎక్కువసేపు వేడిలో ఉన్నా, పులుపు తగిలినా వాటి పచ్చదనం ముదురు బూడిదాకుపచ్చగా మారుతుంది, కనుక దించే రెండు నిమిషాల ముందు వేస్తే చాలు. నిమ్మరసం పొయ్యి ఆర్పిన తరువాతే. సూప్‌లో ఏదో లోపించినట్టనిపించి ఏమిటో తెలియనప్పుడు మనం అలవాటుగా ఉప్పు డబ్బా అందుకుంటాం, చాలాసార్లు లోపించేది నాలుగు చుక్కల పులుపే.

జలుబుకు సూప్ మందా అని తప్పకుండా అడుగుతారు కనుక ముందే చెబుతాను. 2000లో అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి చెందిన స్టీఫెన్ రెన్నార్డ్, ఆయన సహచరులు ఒక పరిశోధన ప్రచురించారు. రెన్నార్డ్ భార్య కుటుంబంలో వస్తున్న కోడి సూప్‌ను వారు పరీక్షిస్తే, వాపును కలిగించే న్యూట్రోఫిల్ అనే తెల్లరక్తకణాల కదలికను అది కొంత తగ్గించిందని తేలింది. అయితే ఆ పరీక్ష జరిగింది ప్రయోగశాల పాత్రలో, రోగి శరీరంలో కాదు. కాబట్టి మందు అనడానికి వీల్లేదు. వేడి ఆవిరి ముక్కుకు హాయినిస్తుంది, చలిలో దాహం సరిగా తెలియక నీళ్లు తక్కువ తాగేవారికి సూప్ ద్వారా నీళ్లు అందుతాయి. అంతవరకు నమ్మకంగా చెప్పవచ్చు. పొగలు కక్కుతుండగానే తాగాలన్న పట్టుదల మాత్రం వద్దు. 65 డిగ్రీలు దాటిన పానీయాలు అన్నవాహిక క్యాన్సర్‌కు కారణం కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2016లో వర్గీకరించింది. గిన్నెలను ముందే వేడినీళ్లతో తొలిచి పెట్టుకుంటే, తగిన వేడితో వడ్డించిన సూప్ చివరి చెంచా దాకా వెచ్చగా ఉంటుంది.

మిగిలిన సూప్ సంగతి మరచిపోకూడదు, ఎందుకంటే చలికాలంలో పెద్ద గిన్నెడు చేసి మూడు రోజులు తినడం మామూలే. వాతావరణం చల్లగానే ఉందికదా అని ఒకసారి రాత్రంతా పెద్ద గిన్నెను మూతపెట్టి పొయ్యి మీదే వదిలేశాను. పొద్దున మూత తీస్తే నురగతో పుల్లని వాసన కొట్టింది. గది చల్లగా ఉన్నా అంత పెద్ద గిన్నె మధ్యభాగం గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. మరిగించినా చావని కొన్ని సూక్ష్మజీవుల బీజాలు ఆ వెచ్చదనంలోనే మొలకెత్తుతాయి. 60 నుంచి 5 డిగ్రీల మధ్య ఉన్న ఆ దశను త్వరగా దాటించాలి. లోతు తక్కువ ఉన్న పాత్రల్లో అయిదు సెంటీమీటర్ల ఎత్తుకు మించకుండా పోసి, చన్నీళ్లున్న పళ్లెంలో పెట్టి కలుపుతూ చల్లార్చి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. బయట మంచు కురుస్తోందికదా అని గుమ్మం బయట పెట్టడమూ సరికాదు, మధ్యాహ్నపు ఎండకు ఆ చలి ఎంత తగ్గుతుందో మన చేతిలో లేదు. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు, ఫ్రీజర్‌లో రెండు మూడు నెలలు నిలుస్తుంది. ఫ్రీజర్‌లో పెట్టేటప్పుడు డబ్బాలో పైన కొంత ఖాళీ వదలాలి, నీరు గడ్డకట్టేటప్పుడు దాదాపు నూటికి తొమ్మిది వంతులు పెరుగుతుంది. పాలు, బంగాళాదుంప ఉన్నవి గడ్డకట్టి కరిగాక విరిగినట్టూ రవ్వరవ్వగానూ అవుతాయి కనుక వాటిని అప్పటికప్పుడే ముగించడం మంచిది. అన్నం, నూడుల్స్ వంటివి సూప్‌లోనే వదిలేస్తే తెల్లారేసరికి ద్రవమంతా తాగి ఉబ్బిపోతాయి, వాటిని విడిగా ఉడికించి వడ్డనలో కలుపుకోవాలి.

మర్నాడు వేడిచేసేటప్పుడు గిన్నె మొత్తాన్ని పదేపదే కాచకుండా, తినబోయేంత మాత్రమే చిన్న గిన్నెలోకి తీసుకుని, మధ్యభాగం కూడా 74 డిగ్రీలు దాటేలా, అంటే అంతటా బుడగలు వచ్చేదాకా కాచండి. నిన్నటి ఆకుల వాసన, నిన్నటి నిమ్మరసపు పదును ఈ వేడికి నిలవవు. దించిన తరువాత రెండూ మళ్లీ తాజాగా కలుపుకోండి. ఇక మీ ప్రశ్నలు అడగవచ్చు.